మూతులు భద్రం

మా ఇంటికి పాటల సెట్టు సగమే వచ్చింది. మిగతా సగం మస్కట్‌లో ఉండిపోయింది. విమానంలో మోయనిచ్చే బరువుకు ఒక హద్దు ఉంటుందట, రెండో స్పీకరు ఆ హద్దు దాటిపోయిందట. ఈ ముక్క చెప్పింది, మా ఆయన ఉండే గదిలోనే ఉంటూ సెలవు మీద వచ్చిన వేల్పూర్ అతను. ఒక అట్టపెట్టె నెత్తిన, ఇంకొకటి చంకన పెట్టుకుని ఆర్మూర్ బస్టాండు నుంచి నడిచి వచ్చాడు పాపం. వాటిని వసారాలో దించి, చెంబెడు నీళ్ళు గటగటా తాగి, అప్పుడు నోరు విప్పాడు.

"రెండో డబ్బ పోచంపాడ్ ఆయన తెస్తడు మామా, రెండు మూడు నెలలల్ల. అప్పటిదాక ఒక్కదానితోని వినుండ్రి, ఏం కాదన్నడు. ఖాళీ వైర్ల మూతులు మాత్రం భద్రం అన్నడు. గిది మరీ మరీ జెప్పుమన్నడు."

"మూతులు భద్రం జేసుడు నాకు జెప్పాల్నా?" అన్నాడు మా మామ, మీసం కింద నవ్వుకుంటూ.

ఆ నవ్వుకు అర్థం ఉంది. మామ పసుపు మార్కెట్లో హమాలీ. సంచులు మోసే వాళ్ళు చాలామంది ఉన్నారు గాని, సంచి మూతి కుట్టడంలో మామకు పెట్టింది పేరు. నిండిన గోనెసంచి రెండు మూలలూ చెవుల్లా పైకి లాగి, దబ్బనంతో సుతిలి తాడు దూర్చి, నాలుగు గెంతులు గెంతినట్టు కుట్టేసి, చివరి ముడి వేసి, సంచి మీద ఒక చరుపు చరిచి "మూతి భద్రం" అనేవాడు. ఆ మాట వినబడితేనే లారీలోకి ఎత్తేవాళ్ళు. మూతి తెరిచి ఉన్న సంచి కనిపిస్తే మామకు అన్నం సహించదు. పక్కవాళ్ళ సంచి అయినా సరే, ఆగి ముడి వేసి వెళ్ళేవాడు. మా ఇంట్లో బియ్యం సంచి, బట్టల మూట, ఆఖరికి నా చేతిసంచి కూడా మామ కంటబడితే మూతికి ముడి పడేది. రూపాయి చిల్లర కోసం నేను పళ్ళతో ముడి విప్పుకున్న రోజులున్నాయి.

వేల్పూర్ అతను వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర నా చేతిలో ఒక క్యాసెట్ పెట్టాడు. ఎటో చూస్తూ, గొంతు తగ్గించి చెప్పాడు. "వదినె, గీ పక్క అందరికి. గా పక్క నీకు ఒక్కదానికేనంట." చెప్పి, అప్పు పడ్డవాడిలా గబగబా వెళ్ళిపోయాడు. చూస్తే ఒక పక్క మీద 'అందరికి' అని, రెండో పక్క మీద 'నీకు' అని పెన్నుతో రాసి ఉంది. అది మా ఆయన చేతిరాతే.

ఇది ఎనభైల చివరి సంగతి. పెళ్ళయిన నలభై రోజులకే ఆయన గల్ఫ్‌కు వెళ్ళాడు. ఆ నలభై రోజుల్లో మేమిద్దరం మనసు విప్పి మాట్లాడుకున్నది లెక్కపెడితే ఒక పూట కూడా కాదు. ఉన్నది ఒక్క అర్ర, ఒక వసారా. వసారాలో పొద్దుట నుంచి పొద్దుగూకేదాకా మా వాడకట్టు ఆడవాళ్ళు ఏడెనిమిది మంది చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటారు. అత్త వాళ్ళకు పెద్ద. ఉత్తరం రాసుకుందామంటే అదీ కుదరదు. ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే, అదీ ఏడో తరగతి దాకా. ఆయన రాసిన ఉత్తరం నేనే పైకి చదివి వినిపించాలి. ఒకసారి నాకోసమని ఒక వాక్యం ఇరికించాడు. అది దాటేసి చదవాలనుకున్నాను గాని నవ్వు ఆగలేదు. నాకు నవ్వొస్తే అంతే, ఎవరూ ఆపలేరు.

"ఏం రాసిండే పిల్లా?" అంది అత్త.

"ఎండలు మస్తుగున్నయంట అత్తా."

"ఎండలకు నవ్వుడేందే?"

వసారా అంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత ఆయన నాకోసం మరే వాక్యమూ రాయలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ ఇంట్లో నాకు పేరు లేదు. మా అత్త పేరు, నా పేరు ఒక్కటే. పెళ్ళిచూపుల్లో మా నాన్న నా పేరు చెప్పగానే అందరూ నవ్వారు. పెళ్ళయ్యాక గాని అందులో చిక్కు తెలియలేదు. కన్నతల్లి పేరు పెట్టి కొడుకు పెళ్ళాన్ని పిలవగలడా? పెళ్ళాం పేరు పెట్టి మామ కోడల్ని పిలవగలడా? అత్త తన పేరుతో తానే నన్ను పిలుచుకుంటుందా? అందుకని అత్తకు నేను 'పిల్లా', మామకు 'బిడ్డా', మా ఆయనకు 'ఇగో'. అలా అని అత్తకు మాత్రం పేరెక్కడుంది? మామ ఆమెను 'ఇంటున్నవా' అంటాడు, వాడకట్టు 'పెద్దమ్మా' అంటుంది. మా ఇద్దరి పేరు బీడీ కార్డు మీద సిరాతో రాసి ఉంది, అంతే. దాన్ని నోటితో పలికేవాళ్ళు లేరు.

కాబట్టి 'నీకు' అని రాసి ఉన్న ఆ పక్క నాకు కావాలి. ఒక్కసారి, నేనొక్కదాన్నే వినాలి. అంతకు మించి నేనేమీ కోరలేదు.

శుక్రవారం పొద్దున్నే మామ స్నానం చేసి సెట్టును అర్రలో బల్ల మీద నిలబెట్టాడు. నల్లగా, మా ఇంటి గోడలకు ఏమాత్రం సరిపడకుండా, వెండిరంగు బొత్తాలతో నిగనిగలాడిపోతోంది. అత్త దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. క్యాసెట్ పెట్టే అర తలుపుకు కూడా ఒక బొట్టు. వెనక రెండు జతల తీగలు మా ఆయన ముందే బిగించి పంపాడు. ఒక జతను, పెట్టె మీద బొమ్మ చూసుకుంటూ, నేనే స్పీకరుకు తగిలించాను. రెండో జత ఖాళీగా వేలాడుతోంది, కొసల్లో రాగి పోగులు మెరుస్తూ.

మామకు కనపడ్డాయి. ఆ రెండు కొసలనూ దగ్గరికి తీసుకుని, పోగులు పోగులు కలిపి మెలిపెట్టి, ఇంకోసారి మెలిపెట్టి, ఎందుకైనా మంచిదని సుతిలి తాడుతో పైన రెండు చుట్లు చుట్టి, గట్టిగా ముడి వేశాడు. సెట్టు మీద ఒక చరుపు చరిచాడు.

"మూతి భద్రం!"

కొబ్బరికాయ కొట్టాం. వసారాలో ఆడవాళ్ళు బీడీలు పక్కన పెట్టి గుమ్మంలో కిక్కిరిశారు. 'అందరికి' అన్న పక్క పెట్టి నేను మీట నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది, లోపల ఎక్కడో 'టిక్' మంది, దీపం పచ్చగా మారింది. ఆ తర్వాత స్పీకరులోంచి మా ఆయన గొంతు, సన్నగా, ఎంతో దూరం నుంచి.

"అమ్మా, బాపూ, అందరు మంచిగున్నరా..."

అత్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "పెద్దగ జెయ్యి, పెద్దగ!" అన్నారు గుమ్మంలో వాళ్ళు. మామ ముందుకొచ్చి, సంచి మెడ పట్టుకున్నట్టు పెద్ద బొత్తాన్ని పట్టుకుని తిప్పాడు.

"ముందుగాల ఒక్క ముచ్చట జెప్తా, మర్సిపోకుండ్రి. గా ఖాళీగున్న..."

టక్.

దీపం ఎర్రగా మారి కొట్టుకోవడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు. క్యాసెట్ మాత్రం లోపల తిరుగుతూనే ఉంది. మామ సెట్టును తట్టాడు, ఊదాడు, బొత్తాన్ని అటూ ఇటూ తిప్పాడు. నేను మీట ఆపి మళ్ళీ నొక్కాను. టిక్ అంది, రెండు మాటలు పలికింది, టక్ అంది. మూడోసారి నొక్కబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"వద్దే పిల్లా. వాసనొస్తుంది."

ఏ వాసనా రాలేదు. అది ఊదుబత్తి వాసన. కాని ఆ మాట అన్నాక అందరికీ కాలిన వాసనే తగిలింది.

మామ బస్టాండు పక్కన మోటర్లకు వైండింగ్ చేసే మిస్త్రీని పిలుచుకొచ్చాడు. మా వైపు మోటరంటే తెలియనివాళ్ళు లేరు, పసుపు చేనుకు నీళ్ళు పారించేది అదే. మిస్త్రీ సెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు, వెనక వంగి వాసన చూశాడు, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"స్పీకర్లెన్ని?"

"రెండు. ఒకటే వచ్చింది."

"ఇంకేంది మరి! నీళ్ళు లేని బాయిల మోటర్ నడిపితే ఏమైతది? కాలిపోతది. గిదీ గంతే. లోడు సగమే ఉంది. రెండోది వచ్చేదాక దీన్ని ముట్టకుండ్రి."

ఆ రాగి ముడిని చూసి మెచ్చుకున్నాడు కూడా. "ముడి మాత్రం మంచిగేసినవు" అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ మిస్త్రీ మీద కోపం వస్తుంది, మర్నిమిషంలో నవ్వూ వస్తుంది.

మామ దాని మీద పాత దుప్పటి కప్పాడు. ఎవరితోనూ అనొద్దని అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. గుమ్మంలో నిలబడి చూసిన ఎనిమిది మందికి కూడా ఒట్టే. "ఎండల గాడిద చాకిరి జేసి పంపిండు పోరడు. నేను బొత్తం తిప్పి కాలవెడ్తి" అని ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు మార్కెట్లో సంచి కుట్టాక చరుపు చరవడం మానేశాడని విన్నాం. వాడలో ఒకరింట్లో చిన్న టేప్‌రికార్డర్ ఉంది, అక్కడ క్యాసెట్ పెట్టి వినొచ్చు. కాని వెళ్తే సెట్టు ఏమైందని అడుగుతారు. మామ ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ లోలోపల సంతోషించాను. ఆ ఇంట్లో వాళ్ళు క్యాసెట్ తిప్పి రెండో పక్క కూడా పెట్టరని నమ్మకమేమిటి? క్యాసెట్‌ను దేవుడి పటం వెనక పెట్టి, పొద్దునా సాయంత్రం దీపం పెట్టే వంకతో చూసుకుంటూ ఉండేదాన్ని. అంత భక్తి నాలో ముందెప్పుడూ లేదని అత్త మురిసిపోయింది.

పెట్టెలో వచ్చిన సామానులో ఒకటి మిగిలింది. రెండు మెత్తటి గుండ్రటి బిళ్ళలు, వాటిని కలుపుతూ నెత్తి మీదుగా ఒక వంపు బద్ద, కిందికి పొడుగాటి తీగ. అది ఏమిటో ఎవరికీ తెలియలేదు. అత్త చూసి, చెవులకు చలి తగలకుండా పెట్టుకునేదని తేల్చేసింది. "ఆడ ఏసీలల్ల పని జేస్తరు గద, చెవులు గడ్డకడ్తయి" అంది. మాఘమాసం చలి, పసుపు మార్కెట్లోకి దిగే కాలం. మామ నాలుగు రోజులు అది పెట్టుకుని, పైన రుమాలు చుట్టి, తీగను చొక్కా జేబులో దోపుకుని తెల్లవారే మార్కెట్‌కు పోయాడు. "ఏం వింటున్నవే?" అని తోటి హమాలీలు అడిగితే, "ఏం వినబడ్తలేదు, మస్తు వెచ్చగుంది" అన్నాడట. అదే హెడ్‌ఫోన్ అని మాకు తెలిసేసరికి దానికి పసుపు పట్టేసింది. ఎంత తుడిచినా పోలేదు.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం దుమ్ము దులుపుతుంటే పెట్టె అడుగున పుస్తకం కనిపించింది. ఒక సగం ఇంగ్లీషు, ఒక సగం అరబ్బీ. రెండూ నాకు రావు. బొమ్మలు చూస్తూ పేజీలు తిప్పాను. ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. రెండు తీగల కొసలు ఒకదానికొకటి తాకుతున్నాయి. వాటి మీద అడ్డంగా, నిలువుగా ఎంత పెద్ద కొట్టివేత! పంతులు తప్పు లెక్క మీద పెట్టినంత పెద్దది. పక్కనే ఇంకో బొమ్మ, తీగల కొసలు దూరం దూరంగా ఉన్నాయి. దాని మీద కొట్టివేత లేదు. అందులోనూ ఒక్క స్పీకరే ఉంది.

నేను సెట్టు వెనక్కి పోయి దుప్పటి ఎత్తాను. మామ వేసిన ముడి సుతిలి తాడుతో సహా నన్నే చూస్తోంది.

"అత్తా! జర ఇటు రా, జల్ది!"

అత్త చేతిలో సగం చుట్టిన బీడీతోనే వచ్చింది. బొమ్మ చూపించాను. "సూడు, రెండు మూతులు కలవొద్దంట. మామ గవ్విటినే కలిపి కట్టిండు."

"మూతి కట్టుడు తప్పెట్లయితదే? మూతి భద్రం అన్లేదా నా కొడుకు?"

"భద్రమంటే గిది కాదేమో అత్తా. వేరే వేరే ఉండాల్నేమో."

అత్త బొమ్మ వంకా ముడి వంకా చూసింది. చేతిలో బీడీ వంక చూసింది. ఆకు కొస లోపలికి గోటితో మడిచి, ఆ మూతి మూసి, దాన్ని నా ముందు పెట్టింది. అలా ఉన్నట్టుండి ఆమె మొహం వెలిగిపోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

"ఓరి ముసలోడా! గిది సంచి మూతి కాదే, బీడీ మూతి! ఏ బీడీ మూతి గా బీడీకే మడుస్తం గని, రెండు బీడీల మూతులు కలిపి కుడ్తమా?"

నేను నేల మీద కూలబడి నవ్వాను. అత్త బీడీని ఊపుతూ నవ్వింది. ఏం జరిగిందోనని వసారాలో వాళ్ళంతా లోపలికి వచ్చి, సంగతి తెలియకుండానే మాతో కలిసి నవ్వారు.

ముందు గోడలోంచి ప్లగ్గు పీకేశాను. ముడి విప్పడానికి అరగంట పట్టింది, మామ ముడి మరి. చివరికి పోగులు విడదీసి, సైకిల్ ట్యూబు ముక్కలు రెండు కోసి, ఏ కొసకు ఆ కొస విడివిడిగా చుట్టాం. పైన బీడీదారంతో అత్తే కట్టింది. బీడీకి కట్టినట్టే, రెండు చుట్లు, ఒక్క ముడి. రెండు తీగలనూ ఒకటి ఇటు, ఒకటి అటు గోడకు మేకు కొట్టి తగిలించాం. సెట్టులోని రేడియో పెట్టి, పెద్ద బొత్తాన్ని సున్నా దాకా తిప్పాను. అత్త చెప్పులు వేసుకుని పీట మీద నిలబడింది. ఎందుకంటే ఏమో. ఆ చెప్పులతో ఇంట్లోకి వస్తే నన్ను ఎన్నిసార్లు తిట్టిందో!

మీట నొక్కాను. ఎర్ర దీపం. ఒకటి, రెండు, మూడు, నాలుగు... టిక్. పచ్చ దీపం.

బొత్తాన్ని గోరంత తిప్పాను. గోరంత చప్పుడు. ఇంకాస్త తిప్పాను. ఇంకాస్త. టక్ అనలేదు! ఒక్క స్పీకరుతో, సగం లోడుతో, మిస్త్రీ చెప్పినదంతా తప్పని అరుస్తూ సెట్టు మోగింది. ఒకామె చాట పట్టుకుని చిందేసింది. తంబాకు పొడి లేచి అందరం తుమ్ములే తుమ్ములు.

మామ అన్నానికి వచ్చేదాకా ఆగాం. ఆయన గడప దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే 'అందరికి' పక్క పెట్టాను. గొంతు వినిపించగానే మామ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ముందుగాల ఒక్క ముచ్చట జెప్తా, మర్సిపోకుండ్రి. గా ఖాళీగున్న వైర్ల మూతులు ఒకదానికొకటి తాకనియ్యొద్దు. స్పీకర్ లేకున్న ఏం ఫికర్ లేదు, గవ్వి తాకితేనే ఖరాబైతది. బాపూ, నీకే జెప్తున్న, నీకు ముడేసే అలవాటుంది!"

సెట్టును ఎలా భద్రంగా నడపాలో చెప్పే మాటలు సెట్టు లోపలే ఉండిపోయాయి. నెల రోజులు! మామ చెంబు కింద పెట్టాడు. తర్వాత లోపలికి వచ్చి, గోడకు విడివిడిగా వేలాడుతున్న రెండు తీగలనూ, వాటి బీడీదారాలనూ వంగి చూశాడు.

"కాలలేదన్నట్టు" అన్నాడు. ఆ తర్వాత సెట్టు మీద నిదానంగా ఒక చరుపు చరిచాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాటి నుంచి మా వసారా వసారా కాదు. పొడుగాటి తీగను కిటికీలోంచి లాగి స్పీకరును వసారాలో పెట్టించింది అత్త. పాటల క్యాసెట్లు వాడంతా మోసుకొచ్చింది. ఒక్క స్పీకరు కదా, పాటలో ఒక సగమే గట్టిగా వచ్చేది. కొన్ని పాటల్లో మగ గొంతు వినిపించేది గాని ఆడ గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది. ఆ సగం బీడీలు చుట్టే ఆడవాళ్ళు పాడేవాళ్ళు. ఎనిమిది మంది ఒకేసారి, ఎవరి శృతి వాళ్ళదే, చేతుల్లో కత్తెర్లు ఆగకుండా. దారిన పోయేవాళ్ళు నిలబడి చూసి పోయేవాళ్ళు.

నా మనసు మాత్రం రెండో పక్క మీదే ఉంది. పుస్తకంలో ఇంకో బొమ్మ కనిపెట్టాను. మామ పెట్టుకున్న చలిటోపీ తీగ, సెట్టు ముందున్న గుండ్రటి రంధ్రంలోకి పోతోంది. బొమ్మలో మనిషి అది చెవులకు పెట్టుకుని కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. అతని చుట్టూ స్పీకర్లే లేవు. స్పీకర్లే అక్కర్లేకుండా, ఎవరికీ వినపడకుండా, నాకొక్కదానికే! ఆ మనిషిని బొమ్మలోంచి లాగి దండం పెట్టాలనిపించింది.

ఒక మధ్యాహ్నం పాటల క్యాసెట్ అయిపోయింది. "తలకాయ నొస్తుంది, జర పండుకుంట అత్తా" అని అర్రలోకి పోయి తలుపు దగ్గరగా వేశాను. దేవుడి పటం వెనక నుంచి క్యాసెట్ తీశాను. పసుపు పట్టిన హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని, తీగను రంధ్రంలో గుచ్చి, 'నీకు' పక్క పెట్టి, కళ్ళు మూసుకుని మీట నొక్కాను.

"ఇగో..." అన్నాడు, సరిగ్గా నా రెండు చెవుల మధ్య, నా తలకాయ లోపల. నేను ఎగిరిపడ్డాను. "ఇగో, ఇంటున్నవా? గదిల ఎనమండుగురం ఉంటం. గందుకని బాత్రూంల కూసోని మాట్లాడుతున్న. నల్లా సప్పుడైతే ఏమనుకోకు."

"ఏమనుకోను" అన్నాను.

"నలభై దినాలున్న. ఒక్కపారి గూడ నీ పేరు వెట్టి పిలువలే. అమ్మ పేరాయె, నోరు రాకపాయె. ఈడ ఎవ్వరు లేరు. గిప్పుడు పిలుస్తున్న."

పిలిచాడు. నా పేరు, మొత్తం, అక్షరం మింగకుండా.

"ఆఁ" అన్నాను.

మళ్ళీ పిలిచాడు. ఈసారి నెమ్మదిగా, ముద్దుగా, చివర్న కాస్త సాగదీసి. "ఆఁ!" అన్నాను. మూడోసారి, నాలుగోసారి. ప్రతిసారీ పలికాను. నల్లాలోంచి నీటి చుక్కలు పడుతున్నాయి, ఆయన పిలుస్తున్నాడు, నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, పలుకుతున్నాను. ఎనిమిది సార్లు. ఆ తర్వాత బయట ఎవరో తలుపు బాదిన చప్పుడు, "ఎంతసేపురా" అన్న కేక వినపడి, క్యాసెట్ ఆగిపోయింది.

హెడ్‌ఫోన్ తీశాను. ఇల్లంతా నిశ్శబ్దం. వసారాలో కత్తెర చప్పుడే లేదు.

పుస్తకంలో ఆ బొమ్మ పక్కనే ఇంకో చిన్న బొమ్మ ఉందని నేను తర్వాత చూశాను. హెడ్‌ఫోన్ పెట్టుకునే ముందు స్పీకరు బొత్తాన్ని నొక్కి దాని నోరు మూయాలట. నేను మూయలేదు. మా ఆయన బాత్రూం మాటలన్నీ వసారాలో, వీధి దాకా, పాటలకు పెట్టినంత గట్టిగా వినిపించాయి. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ళకు తాము ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో తెలియదు కదా, ఆ ఎనిమిది 'ఆఁ'లు కూడా వినిపించాయి.

గోడ చీలితే అందులోకి దూరిపోయేదాన్ని. అది చీలలేదు గనక తలుపు తీశాను. ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఎనిమిది జతల కళ్ళు. ఒకామె నోట్లో కొంగు కుక్కుకుని ఊగిపోతోంది. అత్త మాత్రం నవ్వడం లేదు. చాట ఒళ్ళోంచి జారి, ఆకులన్నీ నేల మీద పడ్డాయి. ఆమె స్పీకరు వంకే చూస్తోంది.

"అత్తా, తప్పయింది" అన్నాను.

"పిల్లా" అంది. ఆగింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గా పక్క మల్లొక్కపారి వెట్టు."

"అత్తా?"

"వెట్టరాదే. నన్ను గన్న అవ్వ వొయినంక ఎవ్వరు పిలువలే నన్ను గా పేరుతోని. గింత మంచిగుంటదా నా పేరు?"

కొంగు కుక్కుకున్నామె కొంగు తీసేసింది. నేను లోపలికి పోయి మళ్ళీ పెట్టాను, ఈసారి హెడ్‌ఫోన్ లేకుండా. అత్తా నేనూ గడప మీద పక్కపక్కనే కూర్చుని మొత్తం విన్నాం. నేను పలకలేదు.

సాయంత్రం మామ మార్కెట్ నుంచి వచ్చాడు. వీధి మొదట్లోనే ఆయనకు సంగతి అంతా అందిపోయి ఉంటుంది, మా వాడ గురించి నాకు తెలుసు. కాళ్ళు కడుక్కున్నాడు. రుమాలు దులిపి దండెం మీద వేశాడు. ఎవరి వైపూ చూడకుండా, గోడకు వేలాడుతున్న రెండు తీగల వైపు చూస్తూ, ఒకసారి గొంతు సవరించుకుని, మా పేరు పెట్టి పిలిచాడు.

"ఆఁ" అన్నాం ఇద్దరం, ఒక్కసారే.